మాయమైన గులాబీ రంగు

"పూల్ బాగుచేయమంటే పాలు పోశారేంటండీ?"

గట్టు మీద వంగి ఉన్న పూల్ మెకానిక్ తలెత్తాడు. ఆ ఇంటి పెద్దమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"పాలు కాదు, చచ్చిన నాచు. మొన్నటిదాకా పచ్చగా ఉండేది."

"పచ్చగా ఉన్నప్పుడు కనీసం తోటలా ఉండేది."

అతనికి నవ్వొచ్చింది. నవ్వలేదు. మనసులోది మొహం మీదకి రానివ్వకపోవడమే మగతనమనుకునే వాళ్ళు కొందరుంటారు. ఆడపిల్లలు వాళ్ళని పొగరుబోతులనుకుంటారు. అనుకోక ఏం చేస్తారు?

ఆ ఇంట్లో ఈత వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. పూల్ ఉండేది ఇలాంటి ఇళ్ళలోనే కదా! వాళ్ళమ్మకి మాత్రం మోకాళ్ళ నొప్పులు. నేల మీద నాలుగడుగులు వేయలేని మనిషి, నడుం లోతు నీళ్ళలో హాయిగా నడిచేది. నాచు పట్టాక అదీ పోయింది. నాన్నకి ఓపిక చచ్చింది.

"ఆదివారానికి అడుగు కనబడాలి. లేకపోతే మట్టి పోయించేస్తా. లారీ కూడా చెప్పేశాను," అని వరండాలోంచే తీర్పు చెప్పాడాయన.

మట్టి పడితే అమ్మ నడక ఆగిపోతుంది. తను ఈ గేటు దాటి లోపలికి రావడమూ ఆగిపోతుంది. ఈ రెండో సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

గోడలు బ్రష్షుతో తోమాడు. ఫిల్టర్ కడిగాడు. గాజు గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకి తిరగాలి. మూతపెట్టి, ఊపి, వెలుతురులో పట్టుకున్నాడు. గులాబీ రంగు జాడే లేదు.

"క్లోరిన్ లేదు. మళ్ళీ పొయ్యాలి," అంటూ పొడి డబ్బా అందుకున్నాడు.

"ఆగండాగండి. గులాబీ రంగు వచ్చిందిగా!"

"ఎక్కడ?"

"చుక్క పడగానే. మీరు మూత కోసం అటు తిరిగారు. ఇంతలో పోయింది."

"ఎండకి అలా అనిపిస్తుందిలెండి."

ఆ "లెండి" ఆమెకి ఎక్కడో కాలింది. "నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తానండీ. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తాను. నా కళ్ళకే వంక పెడతారా?" అని విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

అతను పొడి పోసేశాడు. రోజూ చేసే పనే అది.

మర్నాడు ఆమె గేటు దగ్గరే ఎదురొచ్చింది. చేతిలో నీలం తువ్వాలు, దాని నిండా తెల్ల మచ్చలు.

"రాత్రి గట్టు మీంచి జారి పూల్లో పడింది. లేని క్లోరిన్ దీని రంగెలా తినేసిందో కాస్త చెప్తారా?"

అతను తువ్వాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె మీద కోపం రాలేదు. ఏంటిది, ఎందుకిలా అని చిన్నపిల్లాడి ఆత్రం వచ్చింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఈసారి అతను గొట్టం మీంచి చూపు తిప్పలేదు. చుక్క పడింది. గులాబీ రంగు భగ్గుమని, రెప్పపాటులో మాయమైంది.

"చూశారా?"

"చూశాను. తాగే నీళ్ళు తెస్తారా?"

ఆమె పరిగెత్తింది. పూల్ నీళ్ళు కాసిని, మంచినీళ్ళు బోలెడు కలిపి మళ్ళీ చుక్కలు వేశాడు. ముదురు గులాబీ. పోనంటే పోలేదు.

"క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే తినేస్తుంది. నేనేమో లేదనుకుని ఇంకా ఇంకా పోశాను. నీళ్ళు పాలలా తెల్లబడింది నా పొడితోనే," అన్నాడు తల గోక్కుంటూ.

"అంటే, ఎక్కువైపోతే అసలు లేనట్టే కనిపిస్తుందా?"

"ఆఁ."

"మనుషుల్లో కూడా ఉంటుందా ఈ జబ్బు?"

అతను గొట్టం కడగడం మొదలుపెట్టాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కళ్ళు చూసే పిల్లకి చెవులు చూడ్డం రాదా?

పొడి మానేశాడు. ఎండే క్లోరిన్ని విరిచింది. అది దిగాక కొంచెం యాసిడ్ వేసి పొడి వదిలిన సున్నపు తెలుపుని కరిగించాడు. ఫిల్టర్ పగలూ రాత్రీ తిరిగింది.

ఆదివారం లారీ గేటు ముందు హారన్ కొట్టేసరికి నాన్న పూల్లోకి తొంగిచూస్తున్నాడు. అడుగున పలకల గీతలు కూడా కనబడుతున్నాయి. మెకానిక్ మరొక్కసారి పరీక్ష చేసి, దిగొచ్చన్నాడు. అమ్మ కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగింది. మొదటి అడుగు నీళ్ళలో పడగానే ఆమె మొహం విప్పారింది.

"ఇప్పుడా మట్టిని నా నెత్తిన పోసుకోవాలా?" అని గొణుక్కుంటూ నాన్న గేటు వైపు నడిచాడు.

మెకానిక్ సామాన్లు సర్దుకున్నాడు. సర్దిన బ్రష్షే మళ్ళీ తీసి సర్దాడు.

"ఇంక నేను రానక్కర్లేదేమో," అన్నాడు.

"నీళ్ళ కోసమైతే అక్కర్లేదు," అంది ఆమె.

"నీళ్ళ కోసం ఎప్పుడో రావడం మానేశానండీ. మీ కోసం వస్తున్నాను."

ఆమె చూపు అతని చెవుల మీదకి వెళ్ళింది. నీళ్ళలోంచి అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"బాబూ, నేనా చివరిదాకా వెళ్ళి రావాలంటే చాలాసేపు పడుతుంది," అని అటు తిరిగింది. "అమ్మాయ్, మీ నాన్న ఇటొస్తే ఏదో ఒకటి చెప్పి ఆపు."

కావాలనే మెల్లగా నడవసాగింది.