తెరవని ఎముకల మర

ఆసుపత్రి నేలమాళిగలో ఆపరేషన్ సామాన్లు కడిగే గది నాది. కిటికీ లేదు. పగలైనా రాత్రైనా అదే ట్యూబులైటు, అదే స్పిరిటు వాసన. ఉలులు, సుత్తి, ఎముక కొరికే పట్టకార్లు... వెన్నెముక ట్రే చూస్తే ఎవరో వడ్రంగి మరిచిపోయి వెళ్లాడనుకుంటారు. అందులో చేత్తో తిప్పే చిన్న మర ఒకటుంది. రోగి వెన్నులోంచి తీసిన ఎముకను అందులో వేసి తిప్పితే రవ్వలా నలుగుతుంది. ఆ రవ్వని పూసల మధ్య నింపి స్క్రూలు బిగిస్తే, పూసలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ మరని ప్రతిసారీ విడదీసి, లోపల బ్రష్షుతో తోమాలి. ఇరవై నిమిషాల పని.

ఆ రోజు ఉదయం ఆ ట్రేతో ఒక లారీ మెకానిక్కుకి ఆపరేషన్ మొదలుపెట్టారు. ఎముక తీసి మర పట్టారు. తిరిగి వీపులో పెట్టేలోపే గుండె ఆగి, బల్లమీదే పోయాడు. మధ్యాహ్నం అదే బల్లమీదికి మా అన్నయ్య. గోడకి రంగులేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. వెంటనే వెన్ను సరిచెయ్యకపోతే జన్మలో నడవడన్నారు. ఉన్నదేమో ఒక్కటే ట్రే.

"తొందరగా పంపవే! మీ అన్నే కదా!" పైనుంచి సిస్టరమ్మ ఫోన్లో అరిచింది.

మర విప్పలేదు. పైపైన కడిగి ఆవిరి యంత్రంలో పడేశాను. నా చేతి చురుకు మీద నాకంత పొగరు మరి.

నాలుగింటికి సిస్టరమ్మే ట్రే వెనక్కి తెచ్చింది, మొహం వెలిగిపోతూ.

"మీ అన్నయ్య అదృష్టవంతుడే. చెంచాడు ఎముక వేస్తే రెండు చెంచాల రవ్వ వచ్చింది. డాక్టరుగారు మొత్తం నింపేశారు."

ఆ రెండో చెంచా పొద్దున పోయిన మెకానిక్కుది. చెబితే మళ్లీ వీపు కోస్తారు, అన్నయ్య తట్టుకోలేడు. భయమేసి ఊరుకున్నాను.

ఆవిడ వెళ్లిపోయాక గదిలోకి గ్రీజు వాసన వచ్చింది.

సింకులో మర పిడి దానంతటదే తిరిగింది. కర్ర్... కర్ర్... ఆపబోయాను. చూపుడువేలు లోపలికి లాగేసుకుంది. గోరు... కణుపు... నా వేలు నలుగుతున్న చప్పుడు నాకే వినపడింది.

వెనకనుంచి ఒక చెయ్యి నా మెడ పట్టి సింకు పక్క బల్లమీద బోర్లా పడేసింది.

"నాది నాకిచ్చెయ్." చెవిలో గుసగుస.

"అన్నయ్య జోలికెళ్లకు... నీ కాళ్లు పట్టుకుంటా. నాది తీసుకో..."

ట్రేలో ఏదో వెతుకుతున్నట్టు ఇనుము గలగలమంది. తర్వాత నా తుంటిమీద చల్లగా ఉలి ఆనింది.

టక్.

చర్మం చీలింది.

టక్... టక్...

ఎముక. గొంతు చిరిగేలా అరిచాను. నేలమాళిగలో ఎవరికి వినపడుతుంది? అతను తొందరపడలేదు. పేడు పేడుగా లేపాడు. రక్తం కాలి వెంట చెప్పులోకి దిగింది.

వదిన నన్ను వెతుక్కుంటూ వచ్చేసరికి నేలమీద ఉన్నానట. వేలు పోయింది. తుంటిలో అగ్గిపెట్టెంత ముక్క పోయింది. పోతే పోనీ. అన్నయ్య కాళ్లు కదిపాడని వదిన చెప్పగానే ఆనందంతో బావురుమన్నాను. లెక్క సరిపోయిందనుకున్నాను.

నాలుగోరోజు నన్ను చక్రాల కుర్చీలో అన్నయ్య మంచం దగ్గరికి తీసుకెళ్లారు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం చుట్టూ గ్రీజు వాసన. డాక్టరుగారు రెండు ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి పట్టి, వేలితో స్క్రూలు రెండుసార్లు లెక్కపెట్టారు.

"నేను నడుం దగ్గర బిగించింది నాలుగు స్క్రూలు," అన్నారు చివరికి. "నిన్నటి ఫిల్ములో ఎనిమిదున్నాయి. ఇవాళ... మెడదాకా ఉన్నాయి. మధ్యలో కొత్త ఎముక రవ్వ నిండి, పూసలన్నీ అతుక్కుపోయాయి."

"అన్నయ్యా..." అన్నాను.

"వచ్చావటే?" అన్నయ్య గొంతులో నవ్వుంది. "నువ్వే కాస్త ఇటు రా. మెడ తిరగట్లేదు."