ట్రాక్టరు కనిపించక ముందే

గుంటూరు పరిహార కేంద్రంలో కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక పెద్దాయన పక్కనున్న భార్యకు గుసగుసగా పాఠం చెబుతున్నాడు.

"లారీ మాట వచ్చినప్పుడే నీ గుండె దడదడలాడాలి. అంతకుముందు కాదు. అర్థమైందా?"

"నాకు మీ మొహం చూస్తేనే దడ. ఇంక లారీ ఎందుకు?" అందావిడ.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. మేఘన నవ్వలేదు. కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆమె భర్త లోహిత్ నీళ్ళ సీసా మూత తీసి నోటికి అందించాడు. "తాగు మేఘనా, నీరసంగా ఉన్నావు." ఎదురుగా కూర్చున్న అమ్మాయి ముచ్చటపడి చూసింది.

పూర్వం ప్రమాదం జరిగితే ఫొటోలు, వీడియోలు చూపించేవాళ్ళు. ఏ బొమ్మనైనా, ఏ గొంతునైనా ఇంట్లో కూర్చుని పుట్టించే రోజులొచ్చాక వాటిని నమ్మే నాథుడు లేకుండాపోయాడు. అప్పుడొచ్చింది గుండెపట్టీ. చూడ్డానికి మామూలు సీటు బెల్టే. బిగించుకోగానే లోపలి భయాన్ని గీతలా రాసుకుంటూ పోతుంది. దాన్ని భయగీత అంటారు. ముప్పు కళ్ళబడ్డాక గీత లేస్తే ప్రమాదం నిజం. ముప్పుకంటే ముందే లేచిందా, అది 'ముందెరుక'. అంటే కావాలని చేయించుకున్న ప్రమాదమన్నమాట. క్లెయిము పోవడమే కాదు, జైలు కూడా. జనం దీనికి ఎంత అలవాటుపడ్డారంటే, పెళ్ళిచూపులకెళ్ళే కుర్రాళ్ళు కారు మానేసి బస్సెక్కుతున్నారు, బస్సులో పట్టీలుండవని.

క్లెయిము వద్దని మేఘన ఆసుపత్రిలోనే బతిమాలింది. "ఊరికే వదిలెయ్యడానికి అదేమన్నా నీ పుట్టింటి కారా?" అన్నాడు లోహిత్. తన పట్టీ ఏం రాసుకుందో ఆమెకు తెలుసు. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు.

పేరు పిలిచారు.

తనిఖీ అధికారి ఇమ్మాన్యుయేల్ నెమ్మదస్తుడు. మేఘనను వాంగ్మూలం కుర్చీలో కూర్చోబెట్టి, దానికున్న గుండెపట్టీ తనే బిగించాడు. మాట్లాడేటప్పుడు ఆ గీత చదునుగా ఉంటే చెప్పింది నిజమని లెక్క. పాలసీ లోహిత్ పేరున ఉంది కాబట్టి, నిబంధన ప్రకారం అతను పక్కనే కూర్చున్నాడు.

"పెద్ద కథేం లేదు సార్," అన్నాడు లోహిత్. "నరసరావుపేటలో పెళ్ళి చూసుకుని వస్తున్నాం. సరదాపడి నేనే చేత్తో నడుపుతున్నా. వరిగడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చింది, కాలవలోకి పోయాం. నా గీత చూడండి, కడిగిన ముత్యం."

గోడ మీద రెండు గీతలు వెలిగాయి. లోహిత్ గీత చదునుగా సాగి, ట్రాక్టరు కనిపించిన చోట నిట్టనిలువుగా లేచింది.

"మీది బాగానే ఉందండీ," అన్నాడు అధికారి. "అమ్మా, మీదే నాకు అంతుపట్టడం లేదు. పెళ్ళింటి దగ్గర కారు తలుపు పడగానే లేచింది. దారంతా దిగనే లేదు. తీరా ట్రాక్టరు కనిపించాక... దిగింది. ఎందుకమ్మా?"



అపార్ట్‌మెంటు గోడలు పల్చన. అందుకే లోహిత్ ఇంట్లో గొంతెత్తేవాడు కాదు. కారు అద్దాలు మందం. దాని తలుపులు అతని గొంతుకే తెరుచుకుంటాయి, ఇంకెవరి మాటా వినవు. ఆ రోజు పెళ్ళిలో ఆమె బావ వరసాయనతో నవ్వుతూ మాట్లాడింది. బైపాసు ఎక్కేదాకా లోహిత్ పలకలేదు. ఎక్కాక ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో ఆమె జుట్టు గుప్పిట పట్టాడు. ట్రాక్టరు కనబడేసరికి రెండు చేతులూ స్టీరింగు మీదికి వెళ్ళాయి. హమ్మయ్య, వదిలాడు అనుకుంది. పట్టీ ఆ హమ్మయ్యను కూడా రాసుకుంది. కోపాన్ని కొలిచే ముల్లు మాత్రం దానికి ఎవరూ పెట్టలేదు.

"చెప్పవే," అన్నాడు లోహిత్. గొంతు మెత్తగానే ఉంది. "కారుకేం చేశావు?"

నిజం చెబితే అతను వింటాడు. విన్నాక ఇద్దరూ ఇంటికెళ్ళాలి. కింద కొత్త అద్దె కారు ఉంది. దాని తలుపులకు కూడా పొద్దున్నే తన గొంతు నేర్పాడు.

"అమ్మా, ఇంకేదైనా ఉంటే చెప్పండి," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "ముందెరుక అని రాస్తే ఇటునుంచి ఇటే తీసుకుపోతారు. ఇంటికి పంపరు."

మేఘన తలెత్తింది.

"పంపరా?"

"పంపరు."

"అయితే నేనే చేశానండీ. బ్రేకు తీగ కోశాను."

కూర్చున్నప్పట్నుంచీ ఎగిరెగిరి పడుతున్న కుర్చీపట్టీ భయగీత మెల్లగా, పొంగు దిగిన పాలలా కిందికి జారి చదునైంది. యంత్రం పలికింది: "నిశ్చింత. మాట నిజం."



"ఈ కార్లలో బ్రేకు తీగ ఉండదమ్మా," అన్నాడు ఇమ్మాన్యుయేల్. "మా నాన్న కారుకు ఉండేది."

లోహిత్ లేచాడు. "విన్నారుగా సార్, అబద్ధమాడుతోంది! క్లెయిము కొట్టేసుకోండి, నాకక్కర్లేదు. నువ్వు ఇంటికి పద. కార్లో మాట్లాడుకుందాం."

కార్లో అన్న మాటకు గీత పాములా పడగెత్తింది. ట్రాక్టరు లేదు, రోడ్డు లేదు. ఇమ్మాన్యుయేల్ గోడకేసి చూశాడు, లోహిత్ కేసి చూశాడు. పలక మీద వేలిముద్ర వేశాడు.

"యంత్రం నిజమంది కదండీ. దాన్ని కాదనడానికి నాకు అధికారం లేదు. ఆవిడ ఇక మీతో రారు."

కానిస్టేబులమ్మ వచ్చి పట్టీ విప్పింది. లోహిత్ చెయ్యి చాపాడు. కానిస్టేబులమ్మ అడ్డంగా నిలబడింది. నడవాలోకి వచ్చాక మేఘన ఆగి, వెనక్కి చూడకుండా అడిగింది.

"అక్కడ తలుపులు ఎవరి మాట వింటాయండీ?"

"మా మాటే. బయటోళ్ళు అరిచి చచ్చినా తెరుచుకోవు," అంది కానిస్టేబులమ్మ. జాలిగా, "భయపడకమ్మా, అలవాటైపోద్ది," అని కూడా అంది.

వెనక గదిలోంచి లోహిత్ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు, ఇంట్లో పిలిచినంత మెత్తగా.

"తొందరగా పదండి," అంది మేఘన.