రచ్చ గెలిచిన గుణవతి

పెనం మీద దోసె మాడి వాసన వీధిలోకి పోతున్నా గుణవతి ఫోను మీంచి తల ఎత్తలేదు.

"అమ్మా! పొగ!" అంటూ మోహనప్రియ పడగ్గదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. క్లినిక్కుకి వెళ్లే హడావుడిలో సగం తలే దువ్వుకుంది. "ఏటమ్మా నువ్వు? పొద్దున్నే మళ్లీ ఆ యుద్ధమేనా?"

"అయిపోయిందే. భానోజీరావుగారు ఒప్పేసుకున్నాడు. ఇదిగో సూడు, 'అక్కయ్యగారూ, మీరే గెలిచారు' అని రాసినాడు."

"నాకు తెలుగు చదవడం రాదు లా," అంది మోహనప్రియ, మాట చివర మలేషియావాళ్ల 'లా' తగిలించి.

"రాదని నవ్వుతూ సెప్తావు. నేర్సుకోమంటే నేర్సుకోవు." గుణవతి మాడిన దోసెను చెత్తబుట్టలో వేసి, పొయ్యి వెలిగించి మరో గరిటె పిండి పోసింది. ఆ రోజు దోసె మాడినా, కూతురు విసుక్కున్నా ఆమెకి పట్టలేదు. మొహం కొత్త పెళ్లికూతురి మొహంలా వెలిగిపోతోంది.

ఆమె సంబరానికి కారణం ఉంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా రబ్బరు తోటల్లో పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. గుణవతి అక్కడి పట్నం తెలుక్ ఇంటాన్‌లో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. భర్త పోయాక కూతురు, అల్లుడి దగ్గరే ఉంటోంది. ఇంట్లో మాట్లాడే తెలుగే తప్ప అక్షరం ముక్క రాని మనిషి, యాభై దాటాక తెలుగు సంఘం వాళ్ల ఆదివారం బడిలో పసిపిల్లల పక్కన కూర్చుని ఓనమాలు దిద్దింది. దిద్దిన చెయ్యి ఊరుకోదు కదా. ఫేస్‌బుక్‌లో ఆంధ్రావాళ్లు నడిపే ఒక చర్చావేదికలో చేరింది. మలేషియా నుంచి ఒకావిడ తెలుగులో రాస్తోందనగానే వాళ్లంతా 'అక్కా అక్కా' అని నెత్తిన పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడదామంటే కూతురు సగం తమిళంలో జవాబు చెప్పేది. అక్కడేమో వేలమంది ఆమె మాట కోసం ఎదురుచూసేవాళ్లు.

ఇరాన్ మీద యుద్ధం జరిగినన్ని రోజులూ అందరూ భయపడి వార్తలు పంచుకున్నారు. యుద్ధం ఆగాక అసలు రభస మొదలైంది. దాడి చేసినవాళ్లు అనుకున్నది సాధించారా లేదా? గెలిచినట్టా ఓడినట్టా? విశాఖపట్నంలో రిటైరైన లెక్చరర్ భానోజీరావు పటాలు పెట్టి, బాణాల గుర్తులు గీసి, ముమ్మాటికీ విజయమే అని వాదించాడు. గుణవతి కాదంది. ఆమె అల్లుడు కవిరాజ్ ఇరాన్ పక్క సముద్రంలోనే చమురు ఓడ మీద ఇంజను గదిలో పని చేస్తున్నాడు మరి.

ముందురోజు మధ్యాహ్నం భానోజీరావు ఒక మాట రాశాడు. "చమురు ఓడలు మళ్లీ కదులుతున్నాయి. మామూలు మనుషులెవరికీ గీటు కూడా పడలేదు. ఎక్కడో మలేషియాలో కూర్చున్న అక్కయ్యగారికి యుద్ధం సంగతి ఏం తెలుస్తుంది, పాపం!" దాని కింద ఇంకెవడో, "ఏటి సేస్తాం, అక్క తెలుగే అంత, తెలివీ అంతే" అని ఆమె యాసను వెక్కిరిస్తూ పళ్లికిలించే బొమ్మలు పెట్టాడు.

గుణవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె ఫోనులో కొన్ని రోజుల కిందట అల్లుడు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది.

"అత్తా, ప్రియాకి సొల్లొద్దు. భయపడుతుంది." కవిరాజ్ ఇంట్లో తమిళం ఎక్కువ, అతని తెలుగు అలాగే ఉంటుంది; చెప్పడాన్ని ఒక్కోసారి 'సొల్లడం' అంటాడు. "మా ఓడ మీద డ్రోన్ ముక్క పడినాది. ఎవరు వేసినారో తెలీదు. సోంపేట దగ్గర అబ్బాయి అప్పన్న అని చెప్పినాను కదా, నాతో మీ తెలుగు మాట్లాడతాడని... అతను పోయినాడు అత్తా. నా చేతిలోనే పోయినాడు. వాళ్ల అన్నయ్యకి మాత్రం చెప్పినారు. బాడీ ఊరు చేరినదాకా అమ్మకి చెప్పరంట. నాకు ఎవరికైనా చెప్పాల అనిపించినాది. మీరు తప్ప ఎవరున్నారు?" ఆ తర్వాత అతను వెక్కివెక్కి ఏడ్చిన ఏడుపు.

దాన్ని గుణవతి చర్చలో పెట్టేసింది. పైన, "గీటు కూడా పడలేదా సార్? వినండి" అని రాసింది. అంతే, వాదం ఆగిపోయింది. వందల మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. వేల మంది పంచుకున్నారు. వెక్కిరించినవాడు తన మాట తుడిపేసుకుని పారిపోయాడు. తెల్లారేసరికి భానోజీరావు కూడా చేతులెత్తేశాడు.

గుణవతి రెండో దోసె తిరగేస్తుండగా మోహనప్రియ ఫోను మోగింది. ఓడ నుంచి కవిరాజ్. ఇంత పొద్దున్న ఎప్పుడూ చెయ్యడు. మోహనప్రియ నవ్వుతూ ఎత్తి, రెండు మాటలకే నవ్వు ఆపేసింది.

"అత్త పక్కన ఉందా?" అన్నాడతను. మోహనప్రియ ఫోను స్పీకరులో పెట్టింది. "అత్తా, నా వాయిస్ ఎక్కడ పెట్టినారు?"

గుణవతి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "మా గ్రూపులో అయ్యా. నీ పేరు పెట్టలేదు. ఓడ పేరు కూడా..."

"నేనే అప్పన్న పేరు చెప్పినాను కదా, సోంపేట అని కూడా. ఎవరో యూట్యూబ్‌లో వేసినారంట. వాళ్ల అమ్మ పక్కింటికి పెరుగు తోడుకి వెళ్లినాదంట. అక్కడ ఫోన్‌లో ఇదే వినిపిస్తుందంట. కొడుకు పోయినాడని నా నోటితో విన్నాది అత్తా, ఆ అమ్మ."

పెనం మీద రెండో దోసె కూడా మాడుతోంది.

"కోపం లేదు అత్తా," అన్నాడు కవిరాజ్ అలిసిపోయిన గొంతుతో. "కెప్టెన్ కూడా పిలిచినాడు, అది నేను చూసుకుంటా. మీకు తప్ప ఎవరికీ సొల్లలేదు నేను. అదే." ఫోను ఆగిపోయింది.

తిట్టి ఉంటే బాగుండునని గుణవతికి అనిపించింది. అల్లుడు తిడితే తిరిగి ఒక మాట అని, ఏడ్చి, ఆ పాపాన్ని చెరిసగం చేసుకోవచ్చు. అతను ఆ దారి కూడా ఉంచలేదు.

మోహనప్రియ పొయ్యి ఆపి తల్లి ఎదురుగా నిలబడింది. "డ్రోన్ పడినాదా? ఆయన ఓడ మీద? నాకు బాగున్నాను, బాగున్నాను అనే చెప్పినాడు."

"నువ్వు భయపడతావని..."

"నాకు చెప్పకుండా దాచినావు. సరే. పెళ్లానికి దాచినది ఊరంతటికీ వినిపించినావా?" ఆమె గొంతు పైకి లేచింది. "ఆయన ఏడుపుని కూడా వినిపించినావా అమ్మా? మన ఇంట్లో ఎవరి ముందూ ఏడవడు ఆయన!"

"ఆళ్లు నన్ను ఎకసెక్కం సేసినారే. ఏటి తెలుసు నీకు అని..."

"ఒకటి చెప్పు. ఆ అమ్మకి ఇంకా తెలీదని నీకు తెలుసా, తెలీదా?"

గుణవతి బల్ల పట్టుకుని కూర్చుంది. అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. అంత పొడుగు మాట నేను చివరిదాకా వినలేదే అంటే సరిపోయేది.

"తెలుసు," అంది.

"తెలిసీ పెట్టినావా?"

"తెలుగే కదా అనుకున్నానే."

వినేవాళ్లకి ఇది పిచ్చి మాటలా ఉంటుంది. కానీ మోహనప్రియకి అర్థమైంది. ఈ ఊళ్లో తెలుగు అంటే వాళ్ల ఇంటి తలుపు గడియ. బజారులో చేపలమ్మే అతని ఎదుటే "ఇవి నిన్నటివే, వద్దు" అని తెలుగులో అనుకునేవాళ్లు. బస్సులో పక్కవాళ్ల గురించి, ఆసుపత్రిలో నర్సు గురించి, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు గురించి, అన్నీ తెలుగులోనే. తెలుగులో చెప్తే గోడకి చెప్పినట్టేనని గుణవతే కూతురికి నేర్పింది. జీవితమంతా ఆ ధీమా మీద బతికిన మనిషి, ఆ గుంపులో ఉన్నవాళ్లందరూ తెలుగువాళ్లేనన్న సంగతి తెలిసి కూడా చెయ్యి ఆపుకోలేకపోయింది.

"అదొక్కటే కాదులే," అంది గుణవతి తల వంచుకునే. "ఆ ఊరోళ్లు ఎవులైనా ఇంటారేమో అని ఒక్క చణం అనిపించినాది. అనిపించినా నొక్కేసినాను."

మోహనప్రియ గొంతు తగ్గింది. "క్లినిక్‌లో రిపోర్ట్ బాగులేదు అంటే మా డాక్టర్ తలుపు వేసి, మనిషిని కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి చెప్తాడు అమ్మా. ఆ అమ్మకి కూర్చోను కూడా టైం లేదు."

గుణవతి ఫోను తీసి పెట్టినదాన్ని తుడిపేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకీ తెలుసు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఆ గొంతు ఈపాటికి ఎన్ని ఊళ్లు దాటిందో. తుడిపే ముందు భానోజీరావు మాట మళ్లీ కంటపడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చలో గెలిచిన గుణవతి సొంత వంటగదిలో తలెత్తలేక కూర్చుంది.

"ఆ అప్పన్న ఇంటి నంబరు అడుగు," అంది కాసేపటికి.

"ఫోన్ చేసి ఏం చెప్తావు?"

"నాకూ తెలీదు. కానీ మాటాడాల. ఆయమ్మ నన్ను నాలుగు తిడితేనైనా..."

"తిట్టించుకుంటే నీకు బాగుంటాది. ఆ అమ్మకి ఏం బాగుంటాది?" అంది మోహనప్రియ. అయినా మొగుడికి మెసేజ్ పెట్టింది. కవిరాజ్ మాట లేకుండా నంబరు ఒక్కటి పంపాడు. మోహనప్రియ క్లినిక్కుకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, తల్లి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

అవతల ఎత్తింది అప్పన్న వాళ్ల అన్నయ్య. తనెవరో గుణవతి చెప్పగానే మండిపడ్డాడు. "మీరేనా? నోట్లో మాట దాచుకోలేరా? ఇన్నాళ్లు మాయమ్మ దగ్గర ఎలగ నటించినామో మీకేటి ఎరిక? శవమైనా రాలేదు, అప్పుడే..." వెనక నుంచి ఆడగొంతు వినబడింది. "ఎవుల్రా అది? ఇలగియ్యి." కాసేపు గుంజులాట తర్వాత ఫోను చేతులు మారింది.

"అమ్మా, నాను కూర్మమ్మని. అప్పన్న తల్లిని."

ఆ గొంతులోని ప్రతి పలుకూ గుణవతి నాయనమ్మది. 'నాను', 'ఇలగ', 'ఎవులు'. ఏ యాస కోసం ఆమె నిన్న వెక్కిరింపులు తిన్నదో ఆ యాస, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి, చెవిలో మాట్లాడుతోంది.

"మా మగోళ్ల మాట అట్టుకోకు తల్లీ," అంది కూర్మమ్మ. "ఆళ్లందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు. మా పెద్దోడు అన్నం ముట్టకపోతే ఏటిరా నీకు మాయరోగం అని తిట్టినాను. మా యింటికి సుట్టాలొచ్చి ఊరికే కూకుంటే నవ్వుతా టీ లెట్టి ఇచ్చినాను. కొడుకు సచ్చిన ఇంట్లో నవ్వినాను తల్లీ. ఇంకెన్నాళ్లు నవ్వించుదురో నన్ను. నువ్వు సెప్పబట్టి తెలిసింది. నీ మేలు మరిసిపోను."

పక్కన ఆనుకుని వింటున్న మోహనప్రియ కళ్లు తుడుచుకుంది. తల్లి చెయ్యి మీద చెయ్యి వేసి, ఇక చాలు, పెట్టెయ్యమన్నట్టు నొక్కింది. నిజానికి అక్కడితో ఆపేస్తే గుణవతి బయటపడిపోయేది. ఆ తల్లే మేలు చేశావంటోంది, కాదనడానికి నువ్వెవరు అని మనసు అననే అంది.

"మేలు కాదమ్మా," అంది గుణవతి. "నీ కోసమని సెప్పలేదు నాను. నీకు తెలీదని నాకు తెలుసు. తెలిసే పెట్టినాను. యుద్ధం గెలిసినారా ఓడినారా అని అక్కడొకాయనతో వాదం ఆడినాను. ఆయన్ని ఓడించాలని నీ కొడుకు సావుని తీసి బల్ల మీద ఎట్టినాను."

అవతల ఎవరో గిన్నెలు కదుపుతున్న చప్పుడు.

"గెలిసినావా మరి?" అంది కూర్మమ్మ.

వెటకారం కాదు. పల్లెల్లో పంటెలా ఉందని, పిల్లకి సంబంధం కుదిరిందా అని అడుగుతారే, అలా అడిగింది. తన కొడుకుని పెట్టి ఆడిన ఆట చివరికి ఏమైందో తెలుసుకోవాలనే అడిగింది.

"గెలిసినానమ్మా," అంది గుణవతి. భర్త పోయినప్పుడు కూడా కూతురి ముందు నిబ్బరంగా ఉన్న మనిషి, బల్ల మీద తల వాల్చి పెద్దగా ఏడ్చేసింది.

మోహనప్రియ ఫోను అందుకుంది. ఆమె తెలుగు ఇంటి గుమ్మం దాటి ఎప్పుడూ పోలేదు. మాటలు వెతుక్కుంటూ, తమిళం అడ్డొస్తుంటే ఆపుకుంటూ మాట్లాడింది. "అమ్మా, నేను కవిరాజ్ భార్యని. మా అమ్మ... ఏడుస్తుంది."

"ఏడవనీ," అంది కూర్మమ్మ. "నాకు కోపమొచ్చినాది తల్లీ, రాలేదంటే అబద్దం. కానీ నన్ను ఈ యింట్లో నిజమడిగితే నిజం సెప్పినోళ్లు ఒకలూ లేరు. మీయమ్మ సెప్పినాది." కాస్త ఆగి, "మీ ఆయన సేతిలోనే పోయినాడంట కదా మావోడు. ఒకపాలి ఆయన్ని నాతో మాటాడించగలవా? మా మగోళ్లని అడిగితే ఒద్దంతన్నారు. నాను ఏడిసి గోల పెట్టను. దాహమేస్తే నీళ్లిచ్చినారో లేదో, అది అడుగుతాను. అంతే."

"మాట్లాడిస్తాను అమ్మా. ఇప్పుడే," అంది మోహనప్రియ.

ఆమె తన ఫోనులో ఓడకి కలిపి, కవిరాజ్‌కి సంగతి చెప్పింది. అతను సరేనన్నాడు. రెండు ఫోన్లనీ స్పీకరులో వేసి బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. గుణవతి ఆ మాటలు వినే అర్హత తనకి లేదని లేచి బయటికి పోబోయింది. కూతురు ఆమె మణికట్టు పట్టుకుంది.

"కూర్చో అమ్మా. ఆయనకి తెలుగు మాట తట్టకపోతే నువ్వే అందించాల."

గుణవతి కూర్చుంది.

"అమ్మా," అంటున్నాడు కవిరాజ్ ఎక్కడో సముద్రం మీంచి, "నీళ్లు ఇచ్చినాను. నేనే ఇచ్చినాను. తల నా... నా..." మాట దొరక్క ఆగాడు.

"ఒళ్లో," అంది గుణవతి మెల్లగా.

"నా ఒళ్లో పెట్టుకున్నాను అమ్మా," అన్నాడతను.