కప్పు లేని రాతియిల్లు

నల్లకోన రాజ్యంలో మూడు రోజులుగా ఒక్క పొయ్యీ వెలగలేదు. చెకుముకి రాళ్ళు ఎంత కొట్టినా నిప్పురవ్వ రాలడం లేదు. కొండ కొనన మాత్రం ఒకే ఒక నిప్పు మెరుస్తోంది. దీనికంతటికీ కారణం రాజు సరదా. కొండమీది పచ్చికబయళ్ళలో ఆదికాలపు రాతిగూళ్ళున్నాయి. వాటిలో ఒకదాని పైకప్పు బండను తెప్పించి, రాజు తన కోటకు గడపగా వేయించాడు. ఆ బండను ఊడదీసిన రాళ్ళపని ఓబన్న ఆనాటి నుంచి పాదాల మొదలు రాయిగా మారుతున్నాడు. ఇప్పటికి నడుము దాటింది.

"పోవాకు పోలీ! ఆ కొండమీదికి నిప్పు కోసరం పోయిన పదిమంది భటులూ ఏమైనారో తెలీదు" అన్నాడు ఓబన్న.

"నువ్వు రాయైపోతాంటే చూస్తా కూర్చోవాల్నా నాయనా?" అని కూతురు పోలి కొండెక్కింది.

మొదటి మలుపులో సుడిగాలి ఆమెను లోయలోకి విసరబోయింది. పోలి నేలకు కరుచుకుని పాకింది. రెండో మలుపులో నిప్పుకళ్ళ అడవిదున్న అడ్డం నిలిచింది.

"నేనంటే భయం లేదా?" అని అడిగింది దున్న.

"ఉంది. భయపడతా నిలబడేంత తీరికే లేదు!"

దున్న పకపకా నవ్వి దారి ఇచ్చింది.

శిఖరం మీద పొగమంచు విడిపోయింది. నూరు రాతియిళ్ళు! నాలుగు బండలు గోడలు, ఒక బండ కప్పు. ఒక్కొక్క కప్పూ ఏనుగంత. వీటిని ఎత్తిన చేతులు ఎలాంటివో! కప్పు లేని ఇంటిముందు పదిమంది భటులు రాళ్ళై నిలబడి ఉన్నారు.

"ఆగినావేమే? నిప్పు లోపలుంది. వచ్చి తీసుకో" అంది లోపలినుంచి ఒక గొంతు.

పోలి తన కాళ్ళు చూసుకుంది. మోకాళ్ళదాకా బురద. "అవ్వా, ఇన్ని నీళ్ళిస్తే కాళ్ళు కడుక్కోని వస్తా."

ఏనుగంత ముసలి రాకాసి ఒకతె, రాతిదోనెతో నీళ్ళు పట్టుకుని బయటికి వచ్చింది.

"దయ్యాల గూడన్నారు. సమాధన్నారు. బురదకాళ్ళతో తొక్కుకుంటూ దూరబోయినారు. ఇది ఇల్లని తెలిసింది నీకేనే తల్లీ! నా బిడ్డలు పుట్టింది ఈడనే. నా కప్పు పోయిన దినం నుంచి ఈ నూరిండ్లలో మావాళ్ళెవరూ పొయ్యి ముట్టించలేదు, మీకూ నిప్పు లేకుండా చేసినాం."

"మా నాయన చేసింది తప్పే అవ్వా. నీ కప్పు నీకు తెచ్చిస్తాం. ముందు ఆయన్ను బతకనీ."

"మాట తప్పితే?"

"నేనే వచ్చి ఈడ రాయై నిలబడతా."

"మీ నాయన పాదాల కాడ దీన్ని రాజెయ్యి" అని రాకాసి ఒక నిప్పుకణిక కుండపెంకులో పెట్టి ఇచ్చింది. పోలి పరుగున దిగేసరికి ఓబన్న గొంతుదాకా రాయైపోయాడు. ఆమె అతని పాదాల దగ్గర మంట వేసింది. రాయి పెళపెళా పగిలి, గుడ్డుపెంకులా రాలిపోయింది. ఊరూరా పొయ్యిలు రాజుకున్నాయి.

రాజు సిగ్గుపడి గడప పెకలించాడు. ఓబన్న దారి చూపగా, వందమంది దుంగలమీద దొర్లించుకుంటూ ఆ బండను కొండెక్కించారు. రాజు కూడా భుజం ఆనించి తోశాడు. కప్పు తన చోట కూర్చోగానే రాళ్ళైన భటులు తుమ్ముతూ కదిలారు.

"ఒకరి ఇల్లు ఇల్లని తెలిసింది నీకే. ఈ కొండనేలకు ఇకనుంచి నువ్వే ఏలిక, పోలీ" అని రాజు తన కిరీటం తీసి ఆమె తలమీద పెట్టాడు. అందరూ రాతియిళ్ళ వైపే చూస్తున్నారు. ఆ సాయంత్రం నూరు రాతియిళ్ళలోంచీ ఒక్కసారే వంటపొగ లేచింది.