సొరబుర్రలో కొలను

సముద్రానికి పటాలు గీసేవారింకా పుట్టని రోజుల్లో, నాలుగు కొండల నడుమ తామరసీమ అనే రాజ్యం ఉండేది. దాని ప్రాణమంతా పెన్మడుగు అనే మంచినీటి కొలనులో ఉండేది. అక్కడి పిల్లలు నడకతో పాటే పడవ నడపడమూ నేర్చేవారు. ఏటా వానలు వెనుకబట్టాక తెరచాప పడవల పందెం జరిగేది. పందెగాళ్లు బయలుదేరే రేవులో సొరబుర్ర నిండా కొలను నీరు ముంచుకొని, గమ్యం చేరాక ఆ నీటిని తిరిగి కొలనులోనే పోసేవారు. తమను మోసిన కొలనుకు అది వారి దండం.

అటువంటి పెన్మడుగు మీద మూడేళ్లుగా గాలి లేదు.

సముద్రం నడుమ ఉప్పుదీవిని ఏలే క్షారకేతుడనే రాక్షసుడు మూడేళ్లకొకసారి దేశదేశాల నావికులకు పందెం పెట్టేవాడు. అతని నల్ల ఓడకంటే ముందు గమ్యం చేరిన నావికుడు కోరినది ఇస్తానన్నాడు. ఓడిన దేశపు గాలిని మాత్రం చెరబడతాడు. పందేనికి రాని దేశం ఓడినట్టే లెక్క. కిందటిసారి తామరసీమ తరఫున వెళ్లిన అప్పన్న తిరిగి రాలేదు. పందెం జరిగిన మరునాటి నుంచి కొలనులో అల లేదు. నీరు పచ్చగా చిక్కబడింది. చేపలు వెల్లకిలా తేలసాగాయి. ఇంటింటా జ్వరాలు. వచ్చే పున్నమిలోగా గాలి కదలకపోతే కొలను ఇక బతకదని రాజవైద్యుడు తేల్చి చెప్పాడు.

అప్పుడు అప్పన్న చెల్లెలు పైడి రాజు ఎదుట నిలిచింది. కొలను మీద జరిగిన చివరి పందెంలో అన్న వెనుక మూరెడు దూరంలో రెండవదిగా వచ్చిన పిల్ల ఆమె.

"మీ అమ్మకు మిగిలింది నువ్వొక్కతెవే కదమ్మా," అన్నాడు రాజు.

"కొలను పోతే మా అమ్మకు నేను మాత్రం మిగులుతానా మహారాజా?"

రాజు ఆమె పడవను సిద్ధం చేయమన్నాడు. ఆమె పడవలోకి అటుకులు, బెల్లం, మోకులు, అదనపు తెరచాప గుడ్డ చేర్చారు. తల్లి సొరబుర్ర నింపి కూతురి నడుముకు కట్టింది. ఆ పచ్చని నీటిని తేరుకునే దాకా మూడుసార్లు వడగట్టింది కూడా. పిల్లలూ, ఇంతమందిలో ఒక్కరికీ తాగునీటి కడవ తోచలేదు. కొలను మనిషి పడవలో తాగునీరు పెట్టుకోవడం ఎరుగడు. దాహమైతే అంచు మీదుగా వంగి దోసిలి పడతాడు, అంతే.

కొలను నుంచి వెలువడే ఏటి వెంట పైడి మూడు రోజులు తెడ్డు వేసి, ఏరు సముద్రంలో కలిసేచోటికి చేరింది. మూడేళ్ల తరువాత ఆమె చెంపకు గాలి తగిలింది. ఒడ్డున ఒక ముదుసలి వల అల్లుతోంది.

"ఎటే అమ్మా, ఈ దొప్పేసుకుని?" అంది ముసలమ్మ పడవను చూసి.

"ఉప్పుదీవికి అవ్వా. మా అన్న అటే పోయాడు."

"మూడేళ్ల కింద ఒకడొచ్చాడు. నా చేపల పులుసు నాలుగుసార్లు పోయించుకున్నాడు. ఆడేనా?"

"అతనే. తిండి దగ్గర మొహమాటం ఎరగడు."

ముసలమ్మ నవ్వబోయి ఆగింది. "ఓడినోళ్లని ఆ రాకాసోడు ఉప్పుబొమ్మలు చేసి ఒడ్డున నిలబెడతాడమ్మా. ఏ నేల మనిషికి ఆ నేల నీళ్లు పోస్తేనే ఉప్పు కరిగి మళ్లీ లేస్తాడు, వేరే నీళ్లకి కరగదు. నీ దగ్గర నీళ్లున్నాయా?"

"ఉన్నాయవ్వా," అని పైడి సొరబుర్రను తడిమింది.

ముసలమ్మ తల ఊపింది. అన్నకు పోయవలసిన నీటిని చూపిస్తోందనుకుంది. తాగేందుకు వేరే నీరు ఉందా అని అడగలేదు. సముద్రం మీద పుట్టిన మనిషి అడగవలసిన ప్రశ్న కాదది.

ఏటి మొగ దగ్గర ఒక మొసలి పడవకు అడ్డంగా లేచింది. దాని వీపు మీద నాచు, కళ్లలో ఎంతో వయసు.

"సుంకం కట్టు," అంది అది. "బుర్రా, తెడ్లా? ఒకటి ఇచ్చి దాటు."

"తెడ్లు ఇస్తే గాలి పడినప్పుడు నా గతేమిటి?"

"అది గాలినడుగు. నేను మొసలిని."

పైడి వేళ్లు తెడ్ల మీద బిగిశాయి. చివరికి ఆమె రెండింటినీ దాని ముందు వేసింది. మొసలి వాటిని పుల్లల్లా నమిలి దారి విడిచింది.

తీరం కనుమరుగైన కొంతసేపటికి ఆమెకు దాహమైంది. అలవాటుగా వంగింది, దోసిలి పట్టింది, గుటక వేసింది. గొంతు మంటెత్తింది. ఉమ్మివేసి, చుట్టూ మెరుస్తున్న అంతులేని నీటిని చూసి నిశ్చేష్టురాలైంది. వెనుదిరిగితే ఎదురుగాలి, పందెం మరునాటి ఉదయమే. నడుమున సొరబుర్ర బరువుగా ఊగుతోంది. ఆమె దానిని వీపువైపుకు తిప్పుకుంది.

ఉప్పుదీవి రేవులో తెల్లని బొమ్మలు వరుసగా నిలిచి ఉన్నాయి. నాలుగవ బొమ్మ అప్పన్న. నోరు తెరిచి ఉంది, పెదవులు పగిలి ఉన్నాయి, నడుమున సొరబుర్ర ఖాళీగా వేలాడుతోంది. అన్న ఎందుకు ఓడాడో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆమె చేయి బుర్ర మూత మీదికి పోగానే వెనుక నుంచి గరగరమనే గొంతు వినిపించింది.

"కానీ, ఆ నీళ్లు పొయ్యి," అన్నాడు క్షారకేతుడు. అతని చర్మం ఎండిన ఉప్పుమడిలా నెరలు విచ్చి ఉంది. "లేచినవాణ్ణి మళ్లీ బొమ్మ చెయ్యడానికి నాకు రెప్పపాటు చాలు. నేను ఓడనంతకాలం వీళ్లు నావాళ్లు. అన్నట్టు, పందెగాళ్లు ఒకరి నీళ్లు మరొకరు తాగితే ఇద్దరూ ఓడినట్టే."

పక్క ఓడ మీది నుంచి ముత్యాలదీవి నావికుడు ఇంద్రదత్తుడు తొంగి చూశాడు. "అమ్మాయీ, అది పడవా, పిండి కలిపే తొట్టా?"

"గెలిచాక చెబుతాను," అంది పైడి. ఆ రెండు మాటలకే ఆమె నాలుక పిడచకట్టింది.

ఇంద్రదత్తుడు ఆమె పెదవులను చూశాడు. తన ఓడలోని నీటి జాడీల వైపు చూశాడు. తల వంచుకొని లోపలికి వెళ్లిపోయాడు.

సూర్యోదయాన నగారా మోగింది. సముద్రం నడుమ ఉన్న గద్దబండను చుట్టి తిరిగి రేవుకు రావాలి. మొదట గాలి నిండుగా వీచింది, పైడి పడవ తేలిక కనుక నల్ల ఓడను అంటిపెట్టుకునే సాగింది. గద్దబండ తిరగగానే గాలి చప్పున పడిపోయింది. ఓడలన్నిటి నుంచి తెడ్లు బయటికి వచ్చాయి. అందరూ కదులుతున్నారు, పైడి ఒక్కతే నీటి మీద ఆకులా నిలిచిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె కళ్ల ముందు పెన్మడుగు, పచ్చగా, అల లేకుండా. చేతులు తమంతట తామే బుర్ర మూత తీశాయి. ఒక్క గుక్క. ఆ తియ్యదనానికి కన్నీళ్లు వచ్చాయి. రెండవ గుక్కకు ముందే మూత బిగించి, ముడి మీద ముడి వేసింది.

అప్పుడు కనిపించింది, ఈశాన్యాన పిడికెడంత నల్లని మబ్బు. దాని కింద నీరు ముడతలు పడి నల్లబడుతోంది. వానకు ముందు గాలి పరుగెత్తుకొస్తుందని పెన్మడుగు ఆమెకు చిన్ననాడే నేర్పింది. కాని కొలను మీద వానగాలి పడవను ఒడ్డుకు నెడుతుంది, ఇక్కడ పాతాళానికి నెట్టవచ్చు. మిగిలిన ఓడలన్నీ తెరచాపలు దించి ఆగిపోయాయి. నల్ల ఓడైతే వెనుదిరిగి దూరంగా చుట్టుదారి పట్టింది. ఆ ఓడ ఉప్పుబండలతో కట్టినది, మంచినీటి వాన దానికి గిట్టదు.

నీటి జాడీలు ఉన్నవారికి ఆ మబ్బుతో పని లేదు. పైడికి ఉంది. ఆమె తెరచాపను సముద్రపు నీటితో తడిపి నేత బిగిసేలా చేసి, చుక్కానిని మబ్బుకేసి తిప్పింది.

గాలి దెబ్బకు పడవ ఒక పక్కకు ఒరిగి నిలువునా లేచింది. వాన రాళ్లలా పడింది. తెరచాప మీదుగా జారే ధారకు నోరు పెట్టి ఆమె తాగింది, దగ్గింది, మళ్లీ తాగింది. కుట్టు విడిపోతున్న గుడ్డను ఒక చేత్తో ఒడిసిపట్టి, మోకాలితో చుక్కానిని అదిమింది. జాడీలు లేవు, తెడ్లు లేవు. ఏ బరువూ లేని ఆ దొప్పను గాలి ఎత్తుకొని రేవులోకి విసిరింది. నల్ల ఓడ అప్పటికింకా ఆమడ దూరంలో ఉంది.

"కోరుకో," అన్నాడు రేవులోనే నిలిచి పందెం చూస్తున్న క్షారకేతుడు. అతని గొంతులో ఇప్పుడు గరగర లేదు.

"చెరలో ఉన్న గాలులన్నీ వదులు."

రాక్షసుడు పళ్లు నూరాడు, కాని పందెపు మాట అతనినీ కట్టివేసింది. దీవిలో గాలులను బంధించిన గుహ తలుపు తెరుచుకుంది. గాలులు బయటపడి వానమబ్బును దీవి మీదికి లాక్కొచ్చాయి. ఆ మంచినీటికి క్షారకేతుడు, రేవు చేరబోతున్న అతని ఓడ కరిగి సముద్రంలో కలిసిపోయారు. బొమ్మలు మాత్రం కరగలేదు. తడుస్తూ అలాగే నిలిచాయి.

అంతలో మిగిలిన ఓడలూ రేవు చేరాయి. పైడి కేకవేసి చెప్పగానే ఇంద్రదత్తుడు, మిగిలిన నావికులు జాడీలు మోసుకొని తమ తమ దేశాలవారి దగ్గరకు పరుగెత్తారు. పైడి దగ్గర ఉన్నది ఒక్క బుర్ర. సన్నని ధారగా పోయసాగింది. జుట్టు నల్లబడింది, కళ్లు కదిలాయి, రొమ్ము లేచింది. ఆఖరి బొట్టు కుడిచేతి మీద పడింది. బుర్ర బోర్లించి దులిపింది, ఇక రాలేదు. ఎడమచేతి చిటికెన వేలు తెల్లగా ఉప్పుగానే మిగిలింది.

అప్పన్న ఆ వేలి కేసి, ఆమె కేసి చూశాడు. "ఓ గుక్క తక్కువైనట్టుందే చెల్లీ."

"తాగేశాను అన్నయ్యా." ఆమె ఏడ్చేసింది.

"నేను బుర్రంతా తాగేశాను," అన్నాడతను, ఆమె తల నిమిరి.

పున్నమికి ఒక్కరోజు ముందు వారు తామరసీమ చేరారు. గాలి అప్పటికే వచ్చేసింది, కొలను మీద పచ్చని తెట్టు పగిలి అలలు రేవు మెట్లను తడుపుతున్నాయి. తల్లి కొడుకును కావిలించుకొని, ఆ తరువాత కూతురి నడుము వంక చూసింది.

"బుర్రలో నీళ్లేవే? కొలనులో పొయ్యాలి కదా."

"అన్నలో ఉన్నాయమ్మా."

అప్పన్న మారుమాట లేకుండా పీకలదాకా కొలనులోకి దిగాడు. పైకి వచ్చేసరికి చిటికెన వేలు వేలిలాగే ఉంది.

రాజు పైడిని తామరసీమ నౌకలన్నిటికీ అధిపతిని చేశాడు. ఆ పదవిలో ఆమె ఇచ్చిన మొదటి ఆజ్ఞను రేవులో రాతిమీద చెక్కించారు: పెన్మడుగు దాటే ప్రతి పడవలోనూ రెండు బుర్రలు ఉండాలి, ఒకటి కొలనుకు, ఒకటి మనిషికి.