ఎడమ పక్క చోటు

సాయంత్రం ఆటకు ఇంకా చాలా సమయం ఉంది. లండన్‌లోని ఆ పాత థియేటరులో, వెనక మెట్ల పక్కనున్న మేకప్ గదిలో, వేషాల బట్టలు చూసుకునే వినీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి శాలువా కుచ్చుల్ని వేళ్లతో చిక్కు తీస్తోంది. కెటిల్‌లో నీళ్లు కాగుతున్నాయి. ఉన్ని వాసన, పౌడరు వాసన, రేడియేటరు మీద ఆరేసిన మేజోళ్ల వాసన అన్నీ కలిసి గదంతా వెచ్చగా ఉంది. బయట నవంబరు వాన, ఎడతెగకుండా.

రోవీనా ప్రిచర్డ్ అద్దం ముందు కూర్చుని గొంతు సవరించుకుంటోంది. ఏళ్ల తరబడి కోరస్‌లో, వెనక వరసలో నిలబడి పాడిన మనిషి. ఆట ఉన్న రోజుల్లో మందు ముట్టదు. అందరికంటే ముందు వస్తుంది, ఎవరి మీదా చాడీలు చెప్పదు. అలాంటి మనిషికి ఇన్నాళ్లకి 'ఆఖరి పడవ' అనే సంగీత నాటకంలో మారియన్ వేషం దొరికింది. దొరికి నెల తిరక్కుండానే ఆ వేషం ఆమె పీక పట్టుకుంది.

"ఆ శాలువా ఇంకా ఎన్నాళ్లు లాగిస్తావు వినీ?" అంది.

"నేను పోయేదాకా తల్లీ. మొదటి ఆట నించీ ఇదొక్కటే. కప్పుకున్న మారియన్‌లు ఆరుగురు మారిపోయారు, ఏడోదానివి నువ్వు. ఇది మాత్రం కదల్లేదు. ఒక్కచోట చిరిగితే గోధుమరంగు దారం దొరక్క నీలం దారంతో రఫ్ఫు చేసేశాను. బాల్కనీలో కూర్చున్నవాడికి కనిపిస్తుందా ఏమిటి?"

తలుపు కొట్టకుండానే డెస్మండ్ లోపలికొచ్చాడు. నాటకాన్ని మొదట తీర్చిదిద్దిన దర్శకుడు వేరే పనుల్లోకి వెళ్లిపోయాక, రోజూ ఆట చూసి, ఎవరైనా గీత దాటితే వెనక్కి లాగడం ఈయన ఉద్యోగం.

"నిన్న బాగుంది డార్లింగ్. చాలా బాగుంది. కాని..."

"ఆ 'కాని' కోసమే కూర్చున్నా."

"రెండో చరణంలో ఊపిరి ముందే తీసేసుకున్నావు. డొరొతియా ఆ మాట పూర్తయ్యాక తీసేది. గడ్డం ఇంకాస్త కిందికి. ఇక బెంచీ. నువ్వు అంచున కూర్చోవడం లేదు. జానెడు లోపలికి జరిగావు."

"జానెడేగా!"

"జనం టికెట్టు కొన్నది ఆ జానెడు కోసమే."

రోవీనా దువ్వెన బల్ల మీద పడేసింది.

నాటకంలో మారియన్ ఒక జాలరి పెళ్లాం. మొగుడు పడవ తీసుకుని తుఫానులోకి పోయి తిరిగి రాలేదు. ఆఖరి ఘట్టంలో ఆమె రేవులో బెంచీ మీద ఒక్కతే కూర్చుని పాడుతుంది. ఆ వేషాన్ని మొట్టమొదట వేసినావిడ డొరొతియా క్వెనెల్. ఆవిడ బెంచీ కుడి అంచున, ఇంకాస్త జరిగితే కింద పడేటట్టు కూర్చునేది. ఎడమ పక్కనున్న ఖాళీలో శాలువా పరిచేది. రాని మొగుడికి చోటు అట్టేపెట్టిందని ఊరంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆవిడ పోయి ఏళ్లయింది. తర్వాత వచ్చిన ప్రతి మారియనూ ఆ అంచునే కూర్చుంది. ఇప్పుడు పాట మొదలవక ముందే, శాలువా పరవగానే, హాల్లో జేబురుమాళ్లు బయటికొస్తాయి.

రోవీనాకు ఒళ్లు మండేది అక్కడే. వద్దని పదిమంది మొత్తుకున్నా వినకుండా, తప్పతాగి, తుఫానులోకి పడవ తోసుకుపోయినవాడు ఆ మొగుడు. వాడి కోసం పక్కన చోటు వదిలే ఆడది ఒకతె ఉంటే ఉండొచ్చు. ఏడుగురికి ఏడుగురూ అదే ఏడుపు ఎందుకు ఏడవాలి? నా మారియన్‌కి కోపం ఉంది అని రిహార్సల్లోనే చెప్పింది. "కోపం ఇంటికి పట్టుకెళ్లు, వేషం ఇక్కడ పెట్టు" అన్నాడు డెస్మండ్. మొన్న ఆట అయ్యాక వీధి తలుపు దగ్గర గొడుగు పట్టుకున్న ముసలావిడ ఒకరు సంతకం అడిగి, "బాగా పాడావమ్మా. ఏం చేస్తాం, డొరొతియాని చూసిన కళ్లు మావి" అని జాలిపడి పోయింది.

ఒకరు దున్నిన చాలులో నడవడం నామోషీ కాదు. కాని ఆ చాలు ఉన్నట్టుండి ఎందుకు వంకర తిరిగిందో అడగకుండా పొగిడేవాడూ, అడగకుండా నిటారుగా దున్నేవాడూ, ఇద్దరూ ఒక్క తప్పే చేస్తున్నారు. ఆ వంకర దగ్గరున్న రాయి ఎప్పుడో ఒకప్పుడు నాగలికి తగులుతుంది.

రోవీనా కనీసం ఒకసారి అడిగింది. వేషం చేతులు మారిన రోజు, పాత మారియన్ ఇసొబెల్ కొత్తావిడకి మొక్క తొట్టి ఒకటి కానుకిచ్చి పోదామని ఈ గదిలోనే కాచుకుని ఉంది. అది వాళ్లలో ఆనవాయితీ. సోఫాకి కుడి చివర ఒదిగి కూర్చుంది. తనకి చోటిచ్చిందనుకుని రోవీనా పక్కన కూర్చోబోయింది.

"అక్కడ కాదు. ఆ కుర్చీలో కూర్చో" అంది ఇసొబెల్.

ఎంత పొగరు అనుకుంది రోవీనా.

"నడక మార్చుకో, గొంతు మార్చుకో, నీ ఇష్టం. బెంచీ మీద ఎడమ పక్క చోటు జోలికి మాత్రం పోకు."

"ఎందుకని?"

"డొరొతియా వదిలింది."

"ఆవిడెందుకు వదిలింది?"

ఇసొబెల్ లేచి కోటు తొడుక్కుంది. "ఆవిడని ఎవరూ అడగలేదు. అందరం మెచ్చుకున్నాం, అంతే" అని వెళ్లిపోయింది.

అది ఈర్ష్య అనుకుని రోవీనా ఆ మాట దులిపేసుకుంది.

"ఇవాళ మిసెస్ హాలోవే వస్తోంది" అన్నాడు డెస్మండ్, తలుపు దగ్గర ఆగి. నాటకానికి డబ్బు పెట్టేది ఆవిడే. "నిన్ను ఉంచాలా, వసంతానికి వేరేదాన్ని వెతకాలా అని రాత్రికి తేల్చేస్తుంది. ఈ ఒక్క పూట నీ సొంత తెలివి పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. వేడుకుంటున్నా."

ఆయన పోయాక రోవీనా చాలాసేపు అద్దంలోకి చూసింది. అంచున కూర్చుంటే ఉద్యోగం నిలుస్తుంది. కాని నిలిచేది ఎవరు? ఇన్నేళ్లు వెనక వరసలో ఒళ్లు వంచి పనిచేసింది చచ్చిపోయినావిడకి నీడగా మిగలడానికా?

"వినీ, ఇవాళ మధ్యలో కూర్చుంటా. ఉంచితే నన్ను ఉంచనీ, లేకపోతే కోరస్‌లోకి పోతా."

"నువ్వెక్కడ కూర్చుంటే నాకేం పోయింది? శాలువా మాత్రం నేల మీద ఈడ్వకు. ఉతకలేక చస్తున్నా."

ఆట బాగానే సాగింది. రేవులో పాటకు ముందు స్టేజి మీద దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయి, నీలం దీపం ఒకటి మిగిలింది. పొగ యంత్రం బుసకొట్టింది. తెల్లటి పొగ నేల మీద పాకుతూ వచ్చి బెంచీ కాళ్లను కమ్మేసింది. ఆ పొగకు రోజూ ఒక తియ్యటి నూనె వాసన ఉంటుంది. ఇవాళ అది లేదు. ఉప్పు వాసన. నీళ్లలో చాలాకాలం నానిన తాడు వాసన.

రోవీనా బెంచీ దగ్గరికి నడిచింది. కుడి అంచున రంగు పోయి, ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని కూర్చుని చెక్క నున్నగా తేలి ఉంది. ఎడమ పక్క ఆకుపచ్చ రంగు నిన్న వేసినట్టు నిగనిగలాడుతోంది.

ఆమె మధ్యలో కూర్చుంది. శాలువా తన భుజాలకే గట్టిగా చుట్టుకుంది.

చెక్క చల్లగా ఉంది. చలికాలపు చలి కాదు అది... నీళ్ల చలి. ఎడమ మోచేతి నించి పైకి పాకింది.

"జరుగు."

చెవి దగ్గర గుసగుస. కోరస్ పిల్లలు పక్క తెర వెనక నించి ఆట పట్టిస్తున్నారనుకుంది. కళ్లు మాత్రం తిప్పి చూసింది. ఎడమ వైపు పక్క తెర చాలా దూరం. అక్కడ ఎవరూ లేరు.

సంగీతం మొదలైంది. ఆమె పాట ఎత్తుకుంది, ఈసారి తన కోపంతో, తన వేగంతో. బాల్కనీ కింద బిగించిన చిన్న టీవీ తెర మీద సంగీత నిర్వాహకుడి చెయ్యి కనిపిస్తోంది. ఆ చెయ్యి ఆమెతో రావడం లేదు. ఆమె ముందుకు పోతే అది నెమ్మదించింది. ఆమె ఆగని చోట ఆగింది... ఎవరిదో ఊపిరి కోసం కాచుకున్నట్టు.

అప్పుడు వినిపించింది. తన గొంతు కింద ఇంకో గొంతు. మెత్తగా. అదే పాట.

"జరుగమ్మా... చోటు చాలదు."

పాదానికీ పాదానికీ మధ్య రోవీనా పళ్ల బిగువున అంది. "జరగను."

నుదుటి దగ్గర జుట్టులో మైకు ఉంది. ఆ మాట హాలంతా మోగాలి. ఒక్క తల కూడా కదల్లేదు. ముందు వరసలో జేబురుమాళ్లు తెల్లగా పైకి లేచాయి. అందరూ తనని కాదు... తన కుడి పక్కకు చూస్తున్నారు. అంచు వైపు.

ఆమెకు భయం కంటే ముందు రోషం వచ్చింది. దిగ్గున లేచింది. శాలువా లాగి, బలమంతా పెట్టి, స్టేజి ముందు చీకట్లోకి విసిరేసింది. పిడికిలి బిగించి, సముద్రాన్ని తిట్టినట్టు, ఆఖరి పాదం పాడింది.

వెనక బెంచీ కిర్రుమంది.

ఒకరు కూర్చున్నట్టు.

కొంచెం ఆగి... ఇంకోసారి.

ఆమె తిరిగి చూడలేదు. ఊపిరి అయిపోయింది. నోరు మూసేసింది.

పాట ఆగలేదు.

ఆఖరి స్వరం సన్నగా, నిబ్బరంగా, హాలు పైకప్పు దాకా సాగుతూనే ఉంది. రోవీనా మూసిన పెదాల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. స్వరం సాగింది... సాగింది... దీపం ఆరింది.

అలాంటి చప్పట్లు ఆ థియేటరు ఎన్నడూ వినలేదు.

మేకప్ గదికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. డెస్మండ్ కళ్లు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "అంచు! ఊపిరి! గడ్డం! వెంట్రుకవాసి తేడా లేదు. నెల రోజులుగా ఇదే కదమ్మా నిన్ను బతిమాలుతున్నది!"

"డెస్మండ్, నేను మధ్యలో కూర్చున్నాను."

"మధ్యలోనా?"

"లేచాను. అరిచాను. శాలువా విసిరికొట్టాను!"

ఆయన నవ్వాడు. "నెగ్గాక కూడా పోట్లాటేనా? మిసెస్ హాలోవే ఏమందో తెలుసా? డొరొతియాని మళ్లీ చూశానంది. ఏడాది కాదు, రెండేళ్లకు ఒప్పందం రాయమంది. ఇంటికి పోయి నిద్రపో."

"మీరు చూసింది నన్ను కాదు!" అంది రోవీనా. "ఒక్కరికి, ఒక్కరికైనా నేను కనిపించలేదా?"

గోడకు చెప్పుకున్నట్టే అయింది. డెస్మండ్ ఆమె చెంప తట్టి వెళ్లిపోయాడు.

"వినీ, నువ్వు కుడి వైపు పక్క తెర దగ్గరే ఉన్నావుగా. విసిరాను కదా?"

వినీ ముక్కు చీదుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి. "ఎక్కడ విసిరావు తల్లీ? బంగారంలా పక్కన పరిచావు. చీకట్లో అది భుజాన వేసుకునే వచ్చావు, నేనే కదా తీశాను. అదిగో." తలుపు వెనక కొక్కేనికి శాలువా వేలాడుతోంది.

రోవీనా సోఫాలో కూలబడింది.

ఎవరో తలుపు కొట్టారు. ఆర్కెస్ట్రాలో కొమ్ముబూర ఊదే ఆల్డ్రిడ్జ్, గడ్డం నిమురుకుంటూ, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. స్టేజి ముందు గోతిలో కూర్చునే వాయిద్యగాళ్లకు పైన ఏం జరిగినా కనిపించదు.

"మేడమ్, మీ నటన గొప్పదే అనుకోండి. అది వచ్చి మా నెత్తిన పడితే ఎలా? సగం నా బూరలో దూరింది." చేతిలో నలిగిన శాలువా ముందుకు చాపాడు. "ఇంకోటి. ఆ పాట ఇవాళ్టి నించి ఇద్దరు పాడతారా? మార్చేటప్పుడు మాకొక్క ముక్క చెప్పొద్దూ? కింద కూర్చున్నవాళ్లం మనుషులం కామా?"

అతను శాలువా కుర్చీ వీపు మీద వేసి, గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

వినీ దాన్ని తీసుకుని దీపం కింద తిప్పింది. అంచు దగ్గర నీలం దారం రఫ్ఫు. తన చేతి కుట్టే.

ఆమె మెల్లగా తలుపు వెనకకు వెళ్లింది. కొక్కేనికి ఉన్న శాలువా అంచు వెతికింది. రఫ్ఫు లేదు. చిరుగు లేదు. మొదటి రోజు పెట్టెలోంచి తీసినట్టు ఉన్ని కొత్తగా, నిండుగా ఉంది. కుచ్చుల చివర నీటిబొట్టు ఒకటి ఊరి, వేలాడి, నేల మీద పడింది.

వినీ రెండు చేతులూ చాపుకుని సోఫా దగ్గరికి తడుముకుంటూ వచ్చి, రోవీనా పక్కన కూర్చోబోయింది.

"అక్కడ కాదు వినీ" అంది రోవీనా. "ఆ కుర్చీలో కూర్చో."

ఆ మాట నోటి నించి వచ్చాక ఆమె తనని తాను చూసుకుంది. సోఫా కుడి చివర, ఇంకాస్త జరిగితే కింద పడేటట్టు, ఒదిగి కూర్చుని ఉంది.