అమ్మమ్మ అడిగిన మొదటి ప్రశ్న

"మా మనవరాల్ని ఎప్పుడైనా ముద్దు పెట్టుకున్నావా?"

నేను కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు, నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయి వాళ్ల అమ్మమ్మ అడిగేసింది. ఆ అమ్మాయి పక్కనే వాళ్ల నాన్న, మేనమామ తాపీగా టీ తాగుతున్నారు.

నేను కర్టెన్ల వ్యాపారిని. ఎవరికి ఏ జవాబు నచ్చుతుందో ముఖం చూసి పసిగడతానని నాకో గర్వం. మనవరాలిది మా ఎదురు షాపు, కళ్లజోళ్లు. వాళ్ల జాతి వేరు, మాది వేరు. మా నాన్న మా అమ్మ చెయ్యి పట్టుకోగా నేను చూసింది ఒక్కసారే, అదీ ఆవిడ మెట్ల మీద జారినప్పుడు.

అందుకే నిటారుగా కూర్చుని చెప్పాను. "లేదండీ అమ్మమ్మగారూ! రెండేళ్ల పరిచయంలో వేలు కూడా తగల్లేదు. ఒట్టు!"

టీ చప్పుళ్లు ఆగిపోయాయి.

"ఇష్టం లేనివాడివి పెళ్లి మాటలకి ఎందుకొచ్చావు నాయనా?" అంది అమ్మమ్మ.

మనవరాలు విసురుగా లేచి వరండాలోకి వెళ్లిపోయింది. వెనకే పరిగెత్తాను. బయట వాన దంచుతోంది.

"మొన్న కరెంటు పోయినప్పుడు నన్ను ముద్దు పెట్టుకుందెవరు? మీ గుమాస్తానా?"

"మెల్లగా! లోపల వింటారు!"

"విననీ. అంత సిగ్గుపడే పనా?"

"సిగ్గు కాదు, నీ పరువు కాపాడాను."

"మా ఇంట్లో పరువంటే ఒప్పుకోవడం. ముద్దు పెట్టి లేదన్నవాడు రేపు నన్నూ లేదంటాడు. ఈ పెళ్లి వద్దులే."

మా ఇంట్లో నన్ను మంచివాణ్ణి చేసే మాటే ఇక్కడ దొంగను చేసింది. సరుకు అదే, సంత వేరు.

"మరి మీవాళ్లు దాచుకునేది ఏదీ లేదా?" నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాను.

"ఏడుపు. ఎవరి ముందూ ఏడవం." ముఖం తిప్పుకుంది.

"మా అమ్మ పాలవాడి ముందు కూడా ఏడుస్తుంది... నీ చెంప మీద అదేంటి?"

"వాన."

"వరండా లోపలికా?"

నేరుగా లోపలికి నడిచాను.

"అమ్మమ్మగారూ, అబద్ధమాడాను. పెట్టుకున్నాను. ఒకసారి."

గుమ్మంలో దగ్గు వినిపించింది.

"...నాలుగుసార్లు."

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూసింది. మేనమామ నా కప్పులో టీ పోశాడు.

"ఆదివారం మీ ఇంటికొస్తాం," అంది అమ్మమ్మ. "మీ అమ్మగారిని ఏమేం అడక్కూడదో ముందే చెప్పు."

"చాలా ఉన్నాయండీ."

ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. "ముక్కు తుడుచుకుని రావే. కాగితం, పెన్ను పట్రా!"